దిష్టి గారికి, ఆస్పత్రి వరండా నుంచి

మహారాజశ్రీ దిష్టి గారికి నమస్కరించి వ్రాయునది.

మా చెల్లెలికి ఎనిమిదో నెలలోనే కాన్పయింది. బిడ్డ కేజీన్నర, బాక్సులో ఉన్నాడు. మధ్యాహ్నమంతా వరండాలో మావాళ్ళు జరిపిన విచారణలో దోషి తమరేనని తేలింది. "సీమంతం ఫోటోలు స్టేటస్‌లో పెట్టినారు కదమ్మా, కండ్లు పడినాయి" అని మా మేనత్త తీర్పు. ఎవరి కళ్ళు అన్న దగ్గరే కాస్త గొడవైంది.

నరుడి కంటికి నల్లరాయైనా పగులుతుందంటారు గానీ, తమరు ఇంత పనిమంతులని నాకు తెలీదండీ. హిమోగ్లోబిన్ 11 ఉండాల్సింది 8కి దించిందీ, ఐరన్ మాత్రలు బీరువాలో దాయించిందీ తమరేనన్నమాట. పెద్దోడికి ఏడాది నిండకముందే మళ్ళీ నెల తప్పించిందీ, ఇంట్లో మా మరిది చేత సిగరెట్ వెలిగించిందీ కూడా. ఒక్కరే ఎన్నని చూసుకుంటారు, పాపం!

ఒక్కటి మాత్రం మీ ఖాతాలో వెయ్యలేకపోతున్నా. చెల్లెలు తిరుపతిలో చీరల షాపులో సేల్స్‌లో చేస్తుంది. పొద్దున పదికి నిలబడితే రాత్రి తొమ్మిది. కౌంటర్ వెనక స్టూలుండదు. గోడకి ఆనుకుంటే సీసీ కెమెరాలో చూసి సూపర్‌వైజర్ వచ్చేస్తాడు. బాత్రూమ్‌కి పోవాలన్నా వాడికి చెప్పే పోవాలి, బ్రహ్మోత్సవాల రద్దీలో అదీ లేదు. అందుకని నీళ్ళు తాగడమే మానేసింది. పొద్దున నింపి ఇచ్చిన సీసా రాత్రికి నిండుగానే ఇంటికొచ్చేది. మంటగా ఉందంటే వాళ్ళత్త "వేడి చేసిందిలే" అని సబ్జా నీళ్ళిచ్చింది. అది యూరిన్ ఇన్ఫెక్షన్ అనీ, ముదిరితే 37 వారాలు నిండకుండానే నొప్పులు రావొచ్చనీ డాక్టరమ్మ చెబుతుంటే, మావాళ్ళు నిమ్మకాయలు ఎవరు తేవాలా అని చూస్తున్నారు.

"ఏడో నెలైనా బాగుండేది, ఎనిమిదో నెల బిడ్డ నిలవడు" అని ఇంకొకావిడ చెప్పి పోయింది. కడుపులో ఇంకో నెల ఉన్నందుకు బిడ్డకి నష్టమట! ఆవిడ నోటికి మీ దగ్గర ఏదైనా తాయత్తుందా?

గర్భిణి కోరితే, కాన్పు దగ్గరపడే నెలల్లో ఎక్కువసేపు నిలబెట్టే పని చేయించకూడదని 1961 నాటి ప్రసూతి ప్రయోజనాల చట్టంలోనే రాశారు. ఆ కోరడమేదో రద్దీలో ఓనర్ ముందుకెళ్ళి మీరే కోరి చూడండి. నగరి దాటి తమిళనాడులో అడుగుపెడితే, షాపుల్లో పనిచేసేవాళ్ళకి కూర్చోడానికి చోటివ్వాలని 2021లోనే చట్టం చేశారు. అక్కణ్ణుంచి గుండు కొట్టించుకోడానికి వచ్చేవాళ్ళు కూడా మనకి ఈ సంగతి చెప్పరెందుకో.

ఆ ఓనర్ మీకు పరమభక్తుడు. ప్రతి అమావాస్యకీ షాపు ముందు గుమ్మడికాయ పగలగొడతాడు. మీకోసం గుమ్మడికాయ కొంటాడు, కడుపుతో ఉన్న పిల్లకి ఒక్క ప్లాస్టిక్ స్టూలు కొనడు. ఏం మనిషండీ వాడు? పదకొండు గంటలు! వాడి పెళ్ళాన్ని నిలబెడతాడా అలాగ?

వచ్చే అమావాస్యకి గుమ్మడికాయ వద్దనండి, ఆ డబ్బుకి ఇంకొంత వేసి స్టూలు కొనమనండి. మీ మాటైతే వింటాడు.

ఇట్లు,
బిడ్డ పెద్దమ్మ