శాటిలైట్ నెట్: ఎంబీపీఎస్ ఒక్కటే చూస్తే చాలదు

విశాఖలో ఇప్పుడు ఇంటర్నెట్ అనగానే గూగుల్ డేటా సెంటర్, సముద్రగర్భ కేబుళ్ల మాటే. 2014 అక్టోబరులో హుద్‌హుద్ దెబ్బకు ఫోన్లు మూగబోయిన ఊరు కూడా ఇదే. తుపాను రోజున, నడిసంద్రంలో, పాడేరు పైనున్న కొన్ని గూడేల్లో శాటిలైటే దిక్కు. దాన్ని కొనేటప్పుడు మాత్రం అందరూ అడిగేది ఒక్కటే: ఎన్ని ఎంబీపీఎస్?

అసలు చిక్కు ఆలస్యంలో ఉంది. జీశాట్-11 లాంటి భూస్థిర ఉపగ్రహం దాదాపు 36 వేల కిలోమీటర్ల ఎత్తున ఉంటుంది. మన అభ్యర్థన పైకెళ్లి దిగాలి, జవాబూ అలాగే రావాలి. పరికరాల జాప్యంతో కలిపి సుమారు 600 మిల్లీసెకన్లు. నెట్‌లో డేటాను ప్యాకెట్లనే ముక్కలుగా పంపే నియమావళి పేరు టీసీపీ. అదేమో, పంపింది అందినట్టు కబురు వచ్చేదాకా ఒక హద్దు దాటి పంపదు. పాత హద్దు 64 కిలోబైట్లు. లెక్క వేస్తే సెకనుకు 0.9 మెగాబిట్ కూడా రాదు, మీరు కొన్నది 20 ఎంబీపీఎస్ అయినా సరే! ఆ హద్దు పెంచే విండో స్కేలింగ్ 1992లోనే వచ్చింది, నేటి ఫోన్లన్నిట్లో ఉంది. దారిలో ఏదో పాత ఫైర్‌వాల్ (నెట్‌వర్క్‌కు కాపలా కాసే పరికరం) దాన్ని చెరిపేస్తే మాత్రం కథ మళ్లీ మొదటికే. వానకు ప్యాకెట్లు పోతే టీసీపీ దాన్ని రద్దీ అనుకుని ఇంకా తగ్గుతుంది. పోయిన ప్యాకెట్లను బట్టి కాక లింకు సామర్థ్యాన్ని కొలిచి వేగం నిర్ణయించే బీబీఆర్ పద్ధతి, గూగుల్ 2016లో తెచ్చింది, ఇక్కడ కొంత నయం.

శాటిలైట్ కంపెనీలు ఇన్నాళ్లూ పెప్ అనే ప్రాక్సీతో, అంటే నడుమ ఉండే మధ్యవర్తితో, నెట్టుకొచ్చాయి. అవతలి నుంచి కబురు రాకముందే 'అందింది' అని అదే చెప్పేస్తుంది. డేటాను గుప్తంగా పంపే వీపీఎన్, టీసీపీకి బదులుగా వచ్చిన క్విక్ అనే నియమావళి వచ్చాక ఆ ఆట సాగడం లేదు. లోపలి వివరాలన్నీ ఎన్‌క్రిప్ట్ అయిపోతాయి కదా, ప్రాక్సీకి ఏమీ కనిపించదు. అందుకని ఎన్‌క్రిప్షన్‌ను తిట్టడం అన్యాయం. మారాల్సింది సర్వర్లు, యాప్‌లు. సైటుతో గుప్తంగా మాట్లాడే పద్ధతి టీఎల్ఎస్. దాని పాత రకం 1.2 వాడే సైటులో టీసీపీతో కలిపి పలకరింపులకే మూడు రౌండ్లు (పోయి వచ్చే ప్రయాణాలు), అంటే దాదాపు 2 సెకన్లు పోతాయి. 1.3కు మారితే ఒక రౌండు ఆదా అవుతుంది, క్విక్‌తో ఒక్క రౌండే సరిపోతుంది. ఇందుకు కొత్త ఉపగ్రహం అక్కర్లేదు.

సుమారు 500 కిలోమీటర్ల ఎత్తున తిరిగే స్టార్‌లింక్ తరహా ఉపగ్రహాలతో ఆలస్యం పదుల మిల్లీసెకన్లకు దిగుతుంది, నిజమే. ఉపగ్రహం మారినప్పుడల్లా వచ్చే ఒడిదొడుకులు వేరే తలనొప్పి.

ఏజెన్సీ ఆసుపత్రికి లింకు తీసుకునేవారు స్పీడ్ టెస్టును నమ్ముకోవద్దు. అది ఒకేసారి చాలా కనెక్షన్లు తెరిచి లోపాన్ని దాచేస్తుంది. ఒకే కనెక్షన్ మీద పెద్ద స్కాన్ ఫైలు పంపించి చూడండి, అదీ బాగా వాన పడేటప్పుడు.