మా తలుపు కన్నానికి సంజాయిషీ మెమో

వనస్థలిపురం, హైదరాబాదు
జనవరి 11, రాత్రి తొమ్మిదిన్నర

శ్రీయుత పీప్‌హోల్ గారికి,

గారు అన్నానని ఉబ్బిపోకు. ముప్పై రెండేళ్లు ప్రభుత్వ బడిలో ఫిజికల్ సైన్సు చెప్పి రిటైరైనవాణ్ని, మెమో ఇచ్చేటప్పుడు కూడా మర్యాదగా మొదలుపెట్టడం అలవాటు. నిన్ను అమ్మిన షాపువాడు మ్యాజిక్ ఐ అన్నాడు. బిగించిన వడ్రంగి డోర్ ఐ అన్నాడు. మా ఆవిడకు మాత్రం నువ్వు కన్నానివే. "ఏవండీ, ఆ కన్నం దగ్గర్నుంచి ఇటొచ్చి కాఫీ తాగుతారా, చల్లారిపోతోంది" అని ఈ మూడు వారాల్లో ఎన్నిసార్లు అన్నదో నీకు తెలుసు. ఆ కాఫీలన్నీ నీ ముందే చల్లారాయి.

సంగతేమిటంటే, ఎనిమిది నెలలుగా ఖాళీగా ఉన్న పక్క ఫ్లాటులోకి డిసెంబరు నాలుగో వారంలో మనుషులు దిగారు. నెలగంట పెట్టి వారం దాటలేదు. ధనుర్మాసంలో ఇల్లు మారతారా ఎవరైనా? పెళ్లిళ్లుండవు, గృహప్రవేశాలుండవు. కుక్కరు రబ్బరు పాడైతే కొత్తది కూడా సంక్రాంతి వెళ్లాక కొందాం అనే ఇల్లు మాది. అలాంటిది పొద్దున్నే మంచులో లారీ వచ్చి ఆగింది, లిఫ్టు తలుపు ధడేల్మంది, నేను మంకీ క్యాపుతోనే వచ్చి నీ ముందు నిలబడ్డాను.

వాళ్లు ఏ మే నెలలోనో వచ్చి ఉంటే నాకింత బెంగ ఉండేది కాదు. ఎండాకాలంలో మా ఇంట్లో మూడు ఫ్యాన్లూ, ఒక కూలరూ తిరుగుతుంటాయి. ఆ మోతలో పక్కింట్లో పెళ్లి జరిగినా తెలియదు. చలికాలం సంగతి వేరు. ఫ్యాన్లు ఆగిపోతాయి, కిటికీలు మూసేస్తారు, బయటి చప్పుడు తగ్గిపోతుంది, ఇక గోడలు మాట్లాడడం మొదలుపెడతాయి. పక్కింటి గీజరు స్విచ్చి పడితే మా హాల్లో టక్కుమని వినిపిస్తుంది. పక్కవాళ్ల మీద ఆసక్తి నా గుణం కాదు, రుతువు చేసే పని. మా ఆవిడ ఈ సిద్ధాంతాన్ని ఒప్పుకోదు.

మొదటి రోజు నువ్వు చూపించిన సామాను జాబితా ఇప్పటికీ నాకు నోటికి వచ్చు. రెండు ఇనప బీరువాలు. పాత చీర చుట్టిన ఊరగాయ జాడీలు నాలుగు. తులసి కుండీ. ముగ్గురు మోసుకొచ్చిన రుబ్బురోలు, దాని వెనకాలే ట్రెడ్‌మిల్లు. ఒక చిన్న సైకిలు. టీవీ లేదు. రుబ్బురోలును చూసి సంప్రదాయం వాళ్లనుకున్నాను, ట్రెడ్‌మిల్లును చూసి సాఫ్ట్‌వేరు వాళ్లనుకున్నాను, టీవీ లేకపోయేసరికి ఏమనుకోవాలో తెలియక టెన్షన్ పట్టుకుంది. టీవీ లేని ఇంట్లో రాత్రి పూట ఏం చేస్తారు? పక్కింటి చప్పుళ్లు వింటారు. అంటే మావి.

నీ పనితనం గురించి కూడా ఇక్కడే చెప్పాలి. నీకు బయటి వైపు పుటాకార కటకం, లోపలి వైపు కుంభాకార కటకం ఉంటాయి. దూరదర్శినిని తిరగేసి చూసినట్టు కారిడారంతా ఒక్క అంగుళంలోకి ముడుచుకుంటుంది. అన్నీ కనిపిస్తాయి, ఏదీ సరిగ్గా కనిపించదు. దగ్గరికొచ్చిన ప్రతి మనిషీ ముక్కు బుడమకాయంత, కాళ్లు అగ్గిపుల్లలంత. పక్కింటాయన ఎత్తు అయిదడుగులో ఆరడుగులో ఇవాళ్టిదాకా తేల్చలేకపోయావు. దానికి తోడు చలిలో నా ఊపిరి తగిలి నీకు మసక. పంచె చెంగుతో తుడిచేలోపు ఎవరో లిఫ్టెక్కి వెళ్లిపోయేవారు.

కన్ను పనిచేయనప్పుడు చెవిని నమ్ముకున్నాను. మొదటి ఆదివారం పక్కింటి కుక్కరు ఏడు విజిల్స్ వేసింది. కందిపప్పుకు మూడు చాలు. ఏడంటే మాంసమేనని నేను, కాబూలీ శనగలని మా ఆవిడ. ఆ ఫ్లాటు ఓనరు "శాకాహారులకు మాత్రమే" అని గేటుకు బోర్డు కట్టిన మనిషి. ఆయనకు ఫోన్ చేసి చెప్పాలా వద్దా అని ఒక పూట ఆలోచించాను. ఆ ఫ్లాటు నాది కాదు, ఆ కుక్కరు నాది కాదు, తినే నోరు అసలే నాది కాదు. అయినా ఒక పూట ఆలోచించాను.

ఇంకో రోజు తెల్లవారుజామున గోడ అవతల సుప్రభాతం మొదలైంది. ఈ నెలంతా తిరుమల కొండ మీదే సుప్రభాతం బదులు తిరుప్పావై చదువుతారు కదా, ఈ మాత్రం తెలియదా వీళ్లకి అని మంచం మీదే కూర్చుని బాధపడ్డాను. తొమ్మిది నిమిషాలకోసారి అదే మొదలై అదే ఆగిపోతుంటే అప్పుడు అర్థమైంది, అది ఫోన్ అలారం.

ఇన్ని తిప్పలు దేనికి, తలుపు తీసి అడిగితే పోయేది కదా అంటావు. ఏమని అడగమంటావు? మనవాళ్లు అడిగే వరస నీకు తెలియనిదా, నీ ఎదురుగానే కదా అన్నీ జరుగుతాయి. ముందు మీదే ఊరు అంటాం. హైదరాబాదే అంటే, కాదు, అసలు ఊరు అంటాం. ఆ తర్వాత చాలా మామూలుగా, చెప్పుల స్టాండు వంక చూస్తూ, మీ ఇంటిపేరు ఏమిటండీ అంటాం. ఇంటిపేరుతో మనకు పనేమిటి? ఉత్తరాలొచ్చే రోజులు కూడా కావు ఇవి. ఆ రెండక్షరాలు చెవిన పడగానే కులం తెలిసిపోతుంది, కంచం ఎంత దూరంలో పెట్టాలో తేలిపోతుంది. ఇదే ప్రశ్న ఎన్నో ట్రాన్స్‌ఫర్లలో ఎంతోమంది ఓనర్లు నన్నూ అడిగారు. అప్పుడు చిరాకు పడ్డవాణ్నే. ఈసారి ప్రశ్న నా నాలుక చివర ఉందని నాకే తెలిసి, తలుపు తీయకుండా ఉండిపోయాను. మర్యాద అనుకో, పిరికితనం అనుకో.

ఇప్పుడు అసలు ఆరోపణకు వస్తున్నాను.

ఈ సాయంత్రం లిఫ్టు చప్పుడైంది. వచ్చాను, కన్ను ఆనించాను. పక్కింటి అమ్మాయి చేతిలో గిన్నె, పక్కన ఆరేళ్ల పిల్లాడు. పిల్లాడు నేరుగా నీ వంక చూసి నవ్వాడు. మరుక్షణం నా చెవి పక్కనే బెల్లు మోగింది. వెంటనే తీస్తే తలుపు వెనకే ఉన్నానని తెలిసిపోతుందని పదంకెలు లెక్కపెట్టి, హాల్లోంచి నడిచొస్తున్నట్టు చెప్పులు టపటపలాడించి అప్పుడు తీశాను.

"తాతా, నువ్వు ఇక్కడే ఉన్నావని నాకు తెలుసు" అన్నాడు వాడు. "మీ తలుపులో స్టార్ ఉంది కదా, మేము బయటికి రాగానే ఆరిపోతుంది. స్టార్ ఆరితే తాత లేచాడని మా నానమ్మ చెప్పింది."

మా హాల్లో ట్యూబులైటు, బయట చీకటి కారిడారు. నేను తల అడ్డం పెడితే నీలోంచి పోయే వెలుగు ఆగుతుంది. కాంతి వచ్చిన దారినే వెనక్కీ పోగలదని ముప్పై రెండేళ్లు నల్లబల్ల మీద బాణం గుర్తులు వేసి మరీ చెప్పాను. నాకు గుర్తు రాకపోతే రాకపోయె, నీకేమైంది? మూడు వారాలు నన్ను దీపస్తంభంలా నిలబెట్టి, ఒక్క మాటైనా అనలేదే?

రెండోది. ఆ అమ్మాయి మాటల్లో చెప్పింది, పాత ఇంటి ఓనరుగారబ్బాయి సెలవులకు అమెరికా నుంచి వస్తున్నాడని ఉన్నపళంగా ఖాళీ చేయించారట. మంచిరోజులు వెళ్లిపోతాయని, నెల పట్టే ముందు రోజే ఈ ఇంట్లో పాలు పొంగించుకుని వెళ్లారట. ఆ రోజు మేము తెనాలిలో పెళ్లికి వెళ్లాం. నువ్వెక్కడికి వెళ్లావు? తలుపుకే ఉన్నావు కదా! ఆ ఒక్క ముక్క చెప్పి ఉంటే నాకు పన్నెండు కాఫీలైనా వేడిగా దక్కేవి.

గిన్నెలో చక్కెర పొంగలి. ఇవాళ కూడారై, తిరుప్పావైలో ఇరవై ఏడో పాశురం రోజు. నెయ్యి వాసన తగలగానే, ఆహా వైష్ణవులన్నమాట అని మనసులో టిక్కు పెట్టేశాను. "గుళ్లో ప్రసాదం ఎక్కువ పెట్టారు బాబాయిగారూ, మా అత్తయ్యగారికి షుగరు, అందుకని మీకు తెచ్చాను" అన్నది. అత్తయ్యగారికి పళ్లు కూడా లేవట, పప్పైనా ఏడు విజిల్స్ వేయాల్సిందేనట.

వాళ్లు వెళ్లాక గిన్నె తిప్పి చూశాను. చూడకుండా ఉంటానా. అడుగున పేరు చెక్కించి ఉంది, ఇంటిపేరుతో సహా. ఆనందం పట్టలేక మళ్లీ తలుపు తీశాను. ఆ అమ్మాయి ఇంకా గుమ్మంలోనే ఉంది. "ఇది మీ ఇంటిపేరేనా అమ్మా?"

"కాదండీ. అది పాత ఇంట్లో మా పక్కవాళ్ల గిన్నె. హడావుడిలో తిరిగివ్వడం మర్చిపోయాం."

పై రెండు అభియోగాలకు మూడు రోజుల్లోగా లిఖితపూర్వకంగా సంజాయిషీ ఇచ్చుకోవలసింది. ఈలోగా నీ మీద క్యాలెండరు వేలాడదీయమంటోంది మా ఆవిడ, మేకు కోసం చూస్తున్నాను. ఆ గిన్నె ఖాళీగా తిరిగివ్వకూడదు కదా, అరిసెలకు పిండి కొట్టించుకు రావాలి. ఇంతకీ గిన్నె ఇవ్వాల్సింది వీళ్లకా, పాత ఇంటి పక్కవాళ్లకా?

ఇట్లు,
402 నంబరు ఫ్లాటు, తలుపుకు లోపలి వైపు