గీసిన గీత దాటని మీటరు

మురుగునీటి శుద్ధి కేంద్రంలో మీటర్లు ఎందుకుంటాయి? కొలవడానికని పుస్తకాల్లో రాశారు. రిజిస్టరు నింపడానికని షిఫ్టులో ఉన్నవాళ్ళకు తెలుసు. రిజిస్టరుకు కావలసింది నిలకడ. కాబట్టి ప్రోబులు (నీళ్ళలో మునిగి కొలిచే మీటరు మొనలు) కడగడమనే దురలవాటును ఇకనైనా మానుకోవాలని సవినయంగా మనవి.

బ్యాక్టీరియా కోసం నీళ్ళలోకి గాలి ఊదే ఏరేషన్ ట్యాంకులో, కరిగిన ఆక్సిజన్ కొలిచే ప్రోబునే చూడండి. సెట్‌పాయింటు, అంటే నిలబెట్టాల్సిన అంకె, లీటరుకు 2 మిల్లీగ్రాములు. ప్రోబు మూతికున్న మెంబ్రేన్ (పలచటి పొర) మీద జిగురు పేరుకునేకొద్దీ ఆక్సిజన్ లోపలికి చేరడం తగ్గిపోతుంది. నీళ్ళలో 4 ఉన్నా అది 2 అనే అంటుంది. ఆప్టికల్ ప్రోబుకు ఈ మెంబ్రేన్ బాధ లేదు గానీ, మూతి మీద పెరిగిన సూక్ష్మజీవుల పొర ఆక్సిజన్‌ను అక్కడికక్కడే మింగేసి అదే పుణ్యం కట్టుకుంటుంది. ప్రోబు తక్కువ చూపిందని కంట్రోలర్ గాలి ఊదే బ్లోయర్ వేగం పెంచుతుంది, 2.0 అనిపించేదాకా వదలదు. తెరమీద మాత్రం రూళ్ళకర్ర పెట్టి గీసినట్టు గీత! బ్లోయర్ ఆంపియర్లు చూసే దుర్బుద్ధి ఎవరికీ పుట్టకుంటే చాలు. చాలా కేంద్రాల్లో సగం కరెంటు ఈ గాలి ఊదడానికే పోతుంది, అయితే బిల్లు కట్టేది వేరే విభాగం కదా. పనిలో పనిగా, మిగిలిన ఆక్సిజన్ రీసైకిల్ నీటితో అనాక్సిక్ ట్యాంకుకు (ఆక్సిజన్ లేకుండా ఉంచి, బ్యాక్టీరియా చేత నైట్రేట్ తొలగించే చోటుకు) వెళ్తుంది. తేరగా ఆక్సిజన్ దొరికాక అక్కడి బ్యాక్టీరియా నైట్రేట్ జోలికి ఎందుకు పోతాయి?

కొందరు ఛాదస్తులున్నారు. వారం వారం ప్రోబు పైకి తీస్తారు, మెత్తటి గుడ్డతో తుడుస్తారు, తేమ గాలిలో పట్టుకుని 100 శాతం చూపుతోందా అని పరీక్షిస్తారు. తుడవకముందు ఎంత, తుడిచాక ఎంత అని రెండు అంకెలూ రాసుకుంటారు కూడా. రెంటికీ మధ్య తేడా బయటపడితే ఎవరికి లాభం? అంత సరదాగా ఉంటే ముందు మీటరు అంకెను ఆపి ఉంచే హోల్డ్ మీట నొక్కమనండి. తర్వాత హోల్డ్ తీయడం మరచిపోతే మరీ మంచిది: ట్యాంకు ఎండిపోయినా చివరి అంకె చెక్కుచెదరదు.

పీహెచ్ మీటరును సరిచూడడానికి 7 బఫరు (పీహెచ్ ముందే తెలిసిన ద్రావణం) ఒక్కటే వాడండి. 25 డిగ్రీల దగ్గర మంచి ఎలక్ట్రోడ్ ఒక్కో పీహెచ్‌కు సుమారు 59 మిల్లీవోల్టులు ఇవ్వాలి, 7 దగ్గర మాత్రం దాదాపు సున్నా. గాజు బల్బు పగిలిన ఎలక్ట్రోడ్ కూడా ఆ సున్నానే ఇస్తుంది, కాబట్టి ఈ పరీక్షలో ఫస్టు క్లాసులో పాసవుతుంది. ఆమ్లం వచ్చినా, క్షారం వచ్చినా 7 దరిదాపుల్లోనే ఉండే స్థితప్రజ్ఞత మరే పరికరానికుంది? 4 బఫరు సీసా మూత తీశారో, గుట్టు రట్టు. ఎలక్ట్రోడ్ లోపలి ద్రావణం బయటి నీటిని తాకే జంక్షన్‌లో జిడ్డు పేరుకుంటే ముదిరేదాకా ఆగండి. ఎలక్ట్రోడ్‌ను పొటాషియం క్లోరైడ్ ద్రావణంలో కాకుండా డిస్టిల్డ్ వాటర్‌లో నానబెడితే పాడయ్యే పని తొందరగా అవుతుంది.

ప్రవాహం సంగతి తేలిక. మాగ్నెటిక్ మీటరును పైపు ఎప్పుడూ నిండని చోట బిగించండి. సగం పైపుకు నిండు పైపు లెక్క కడుతుంది. పార్షల్ ఫ్లూమ్ (నీటి మట్టాన్ని బట్టి ప్రవాహం లెక్కగట్టే ఇరుకు కాలువ) మీద మట్టం కొలిచే అల్ట్రాసోనిక్ మీటరు ఉంటే, దాన్ని తప్పుదారి పట్టించే పని నురగ చూసుకుంటుంది. మట్టంలో 10 శాతం తప్పు, ప్రవాహంలో సుమారు 15 శాతంగా పెరుగుతుంది.

మర్యాద తెలిసిన పరీక్ష బీఓడీ, అంటే నీటిలోని మురికిని తినడానికి సూక్ష్మజీవులు వాడుకునే ఆక్సిజన్ కొలత. 20 డిగ్రీల దగ్గర 5 రోజులు పెట్టి, ఆ నీళ్ళు ఎప్పుడో వెళ్ళిపోయాక ఫలితం చెబుతుంది.

ఇక చివర్లో క్లోరిన్. డీపీడీ (క్లోరిన్ ఉందో లేదో రంగుతో చెప్పే రసాయనం) వేస్తే నీళ్ళు గులాబీ రంగుకు తిరగాలి. క్లోరిన్ మరీ ఎక్కువైతే ఆ రంగు క్షణం మెరిసి విరిగిపోతుంది, మీటరు సున్నా అంటుంది. ఆ సున్నా చూసి మోతాదు పెంచండి, సున్నా ఇంకా స్థిరపడుతుంది. నమూనాను క్లోరిన్ లేని నీటితో పదింతలు పలచన చేసి మళ్ళీ చూద్దామనేవాళ్ళను మాత్రం ల్యాబు గడప తొక్కనివ్వకండి.