సగానికి తగ్గుతుందంటారు, దేనిలో సగం?

"రేడియేషన్ తీసుకుంటే మళ్లీ వచ్చే ప్రమాదం సగానికి తగ్గుతుందమ్మా." రొమ్ము మొత్తం కాకుండా క్యాన్సర్ ఉన్న మేరకే తీసే లంపెక్టమీ ఆపరేషన్ తర్వాత డాక్టరు చెప్పే ఈ మాట నిజమే. కానీ ఎంతలో సగమో చెప్పకుండా ఒక మనిషి నిర్ణయం ఎలా తీసుకుంటుంది? ముప్పైలో సగం వేరు, పదిలో సగం వేరు. స్టేజ్ జీరో రొమ్ము క్యాన్సర్ విషయంలో అసలు గొడవంతా ఇక్కడే ఉంది.

డీసీఐఎస్ అని పిలిచే ఈ దశలో క్యాన్సర్ కణాలు పాలనాళాల లోపలే ఉంటాయి, గోడ దాటి బయటికి రావు. చాలావరకు చేతికి గడ్డ తగలదు. మామోగ్రామ్‌లో ఉప్పు రవ్వలు చల్లినట్టు తెల్లటి చుక్కలు కనిపిస్తే, సూదితో ముక్క తీసి చూస్తారు. అమెరికాలో కొత్తగా బయటపడే రొమ్ము క్యాన్సర్లలో సుమారు ఐదోవంతు ఇవే. 40 దాటినవాళ్లు రెండేళ్లకోసారి మామోగ్రామ్ చేయించుకోవాలని అక్కడ 2024లో సిఫార్సు చేశారు కాబట్టి, డాలస్‌లోనో న్యూజెర్సీలోనో ఉన్న మనవాళ్లకు ఈ రిపోర్టు రావడం వింతేమీ కాదు. ఇక్కడ అలా అందరినీ పిలిచి మామోగ్రామ్ తీసే పద్ధతి లేదు. ఎక్కువమంది గడ్డ తగిలాకే వస్తారు. హెల్త్ చెకప్‌లో భాగంగా మామోగ్రామ్ తీయించుకున్న కొద్దిమందికే ఈ దశలో తెలుస్తుంది.

చేతికి తగలని దాన్ని సర్జన్ ఎలా తీస్తారన్న సందేహం సహజం. ఆపరేషన్‌కు ముందు మామోగ్రామ్ చూస్తూ ఆ చుక్కల దాకా సన్నటి తీగ దించుతారు. సర్జన్ ఆ తీగ వెంటే వెళ్లి ముక్క తీస్తారు. కుట్లు వేయకముందే ఆ ముక్కకు ఎక్స్‌రే తీసి, చుక్కలన్నీ అందులోకి వచ్చాయో లేదో చూస్తారు. తర్వాత ల్యాబ్‌లో దాని అంచులకు సిరా పూసి, సిరాకూ క్యాన్సర్ కణాలకూ మధ్య ఎంత దూరముందో మైక్రోస్కోపు కింద కొలుస్తారు. రేడియేషన్ ఇవ్వబోయేవాళ్లకు 2 మిల్లీమీటర్లు చాలని 2016లో అమెరికా క్యాన్సర్ సంఘాలు చెప్పాయి. రిపోర్టులో ఈ అంకె, పక్కనే గ్రేడ్ (కణాలు మామూలు కణాలకు ఎంత తేడాగా ఉన్నాయన్నది), ఎన్ని మిల్లీమీటర్ల మేర ఉంది, హార్మోన్ రిసెప్టర్ పాజిటివా కాదా (హార్మోన్ల ఊతంతో పెరిగే రకమా కాదా) అన్నవి ఉంటాయి. మళ్లీ వచ్చే అవకాశం ఎంతన్నది వీటితో పాటు వయసు మీద ఆధారపడుతుంది. 'స్టేజ్ జీరో' అన్న ఒక్క మాటతో అది తెలియదు.

నాలుగు ట్రయల్స్‌లోని 3,729 మంది వివరాలు కలిపి చూసిన విశ్లేషణ 2010లో వచ్చింది. లంపెక్టమీ ఒక్కటే చేసినవాళ్లలో పదేళ్లలోపు అదే రొమ్ములో మళ్లీ వచ్చింది 28.1 శాతం మందికి. రేడియేషన్ కూడా ఇస్తే 12.9. మరణాల్లో మాత్రం తేడా కనబడలేదు. తిరిగి వచ్చినవాటిలో దాదాపు సగం మళ్లీ డీసీఐఎస్సే. మిగతా సగం నాళం దాటి వచ్చినవి. భయపడాల్సింది వీటి గురించే. అయినా లక్షమందికి పైగా అమెరికా మహిళల రికార్డులు చూసి 2015లో ప్రచురించిన అధ్యయనంలో, ఇరవై ఏళ్లలో రొమ్ము క్యాన్సర్‌తో చనిపోయినవాళ్లు 3.3 శాతమే. 35 లోపు వయసులో బయటపడినవాళ్లలో మాత్రం అది 7.8.

ఇప్పుడు తక్కువ రిస్కు వాళ్లను చూడండి. చిన్నది, గ్రేడ్ ఎక్కువ కానిది, అంచులు శుభ్రంగా ఉన్నది మాత్రమే తీసుకున్న ఒక అమెరికా ట్రయల్‌లో, పదిహేనేళ్లకు మళ్లీ వచ్చినవాళ్లు రేడియేషన్ లేకపోతే 15.1 శాతం, ఇస్తే 7.1. ఇక్కడా సగమే! కానీ వందమందికి ఇస్తే ఎనిమిదిమందికి మేలు జరిగింది. ఎనభై అయిదుమందికి ఇవ్వకపోయినా వచ్చేది కాదు. ఏడుగురికి ఇచ్చినా వచ్చింది. 70 ఏళ్లావిడ, షుగరూ మోకాళ్ల నొప్పులూ ఉన్నావిడ, మూడు వారాలపాటు రోజూ బస్సెక్కి వెళ్లి కరెంటు పెట్టించుకోవాలా అన్నది అప్పుడు అడగదగ్గ ప్రశ్న. అదే 38 ఏళ్ల మనిషికి హై గ్రేడ్ అని వస్తే, తీసుకోవడమే మంచిదంటాను.

మన ఇళ్లలో చర్చ ఇంతదూరం రాదు. "డాక్టరు గారూ, మొత్తం తీసేయండి, పీడా పోతుంది" అనేది చాలాసార్లు పేషెంటు కాదు, పక్కన కూర్చున్న కొడుకో ఆడపడుచో. రొమ్ము మొత్తం తీసేస్తే అక్కడ మళ్లీ రావడం చాలా అరుదు, నిజమే. నాళాల్లో చాలామేర పాకితే అది తప్పదు కూడా. చిన్నదానికి చేస్తే ఆయుష్షేమీ పెరగదు. టెన్షన్ లేకుండా బతకడానికి ఆవిడే కావాలనుకుంటే అది వేరే మాట.

ఇంకో కొసన, అసలు ఆపరేషనే వద్దనే వాదన ఉంది. 2024 డిసెంబరులో, ఆపరేషన్ చేయడాన్నీ చేయకుండా గమనిస్తూ ఉండటాన్నీ పోల్చిన కోమెట్ ట్రయల్ ఫలితాలు వచ్చాక దానికి బలం వచ్చింది. తక్కువ రిస్కున్న 957 మందిలో, రెండేళ్లలో నాళం దాటిన క్యాన్సర్ కనబడింది ఆపరేషన్ గ్రూపులో 5.9 శాతం మందికి, కనిపెట్టుకుని ఉన్న గ్రూపులో 4.2 శాతం మందికి. మంచి వార్తే. కానీ ఇరవై ఏళ్లు సాగే జబ్బుకు రెండేళ్ల గడువు చాలదు. పైగా ఆపరేషన్ గ్రూపులో పడినవాళ్లలో చాలామంది అది చేయించుకోలేదు, రెండు గ్రూపుల్లోనూ ఎక్కువమంది హార్మోన్లను అడ్డుకునే మాత్రలు వాడారు.

నా అభ్యంతరం అంకెల మీద కన్నా ఏర్పాటు మీద. కనిపెట్టుకుని ఉండటమంటే ఆ ట్రయల్‌లో ఆరు నెలలకోసారి మామోగ్రామ్, పాత ఫిల్ములతో పోల్చి చూడటం, తేడా వస్తే వెంటనే బయాప్సీ. చెకప్ ప్యాకేజీ అమ్మినవాళ్లు మరుసటి ఏడాది ఫోన్ చేసి గుర్తు చేయని చోట, పాత ఫిల్ములు బీరువాలో పోయే చోట, అది వట్టి వదిలేయడమే అవుతుంది. తక్కువ రిస్కున్న పెద్దవయసు వాళ్లకు లంపెక్టమీ చేసి, రేడియేషన్ ఆపి, రిసెప్టర్ పాజిటివ్ అయితే హార్మోన్‌ను అడ్డుకునే టామాక్సిఫెన్ మాత్ర ఇచ్చి, ఏటా మామోగ్రామ్ తీయించడం మనకు ఎక్కువ సరిపడే దారి. ఆ మాత్ర రోజుకు 5 మిల్లీగ్రాముల చొప్పున మూడేళ్లు వాడినా ఫలితం ఉంటుందని 2019లో ఇటలీ అధ్యయనం చూపించింది. వేడి ఆవిర్లకు భయపడి మానేసేవాళ్లు ఈ చిన్న డోసు గురించి డాక్టరును అడగవచ్చు.