34 అంగుళాలు ఎవరి చేతి కొలత?

గత ఆదివారం మా అక్క కూతురికి బాస్ గిటార్ (కింది స్వరాలు పలికించే లావు తీగల గిటార్) కొందామని హైదరాబాద్‌లో ఒక వాద్యాల దుకాణానికి వెళ్లాం. పిల్లకు పదమూడేళ్లు. ఏడాదిగా నా బాస్ తీసి వాయించుకుంటోంది, ఇప్పుడు సొంతది కావాలంటోంది. దుకాణంలోని అబ్బాయి మా ఇద్దరినీ చూసి, మేం ఏం అడుగుతున్నామో పూర్తిగా వినకముందే గోడ మీద నుంచి గులాబీ రంగు ఎలక్ట్రిక్ గిటార్ ఒకటి దించాడు. బాస్ కావాలని చెప్పాను. "బాస్ ఆడపిల్లలకు కష్టం మేడమ్. బరువెక్కువ, చెయ్యి కూడా అందదు. పాపకి ఇదైతే బాగుంటుంది" అన్నాడు. మర్యాదగానే అన్నాడు, మా మేలు కోరే అన్నాడు. షార్ట్ స్కేల్ బాస్, అంటే తీగ పొడవు తక్కువగా ఉండే రకం, ఏదైనా ఉందా అని అడిగితే, అలాంటివి ఎవరూ అడగరు కాబట్టి తెప్పించడం లేదని చెప్పాడు. బయటికి వచ్చాక మా పిల్ల, "పిన్నీ, మరి నీకెలా అందింది?" అని అడిగింది.

నాకు అందలేదు. దానికి చెప్పాల్సిన సమాధానం అదే, కానీ రోడ్డు మీద నిలబడి చెప్పేంత చిన్న సమాధానం కాదు కనుక ఇక్కడ రాస్తున్నాను.

నా ఎత్తు 5 అడుగుల 1 అంగుళం. నేను మొదట కొన్న బాస్ స్కేల్ 34 అంగుళాలు, అంటే మెడ పైచివర తీగలు ఆనే నట్ నుంచి ఒంటి మీద తీగలు ఆనే బ్రిడ్జి దాకా మోగే తీగ పొడవు 34 అంగుళాలు. అలాంటి బాస్‌లో మొదటి ఫ్రెట్ (మెడ మీద అడ్డంగా ఉండే లోహపు మెట్టు) నుంచి నాలుగో ఫ్రెట్ దాకా దూరం దాదాపు 13 సెంటీమీటర్లు. నా చూపుడు వేలికీ చిటికెన వేలికీ మధ్య నొప్పి లేకుండా చాపగలిగిన దూరం పదకొండున్నర సెంటీమీటర్లు దాటదు. నాకు నేర్పిన మాస్టారు ఒక్కో ఫ్రెట్‌కు ఒక్కో వేలు అనే పద్ధతిని ఎంత గట్టిగా పట్టించారంటే, ఆ ఒకటిన్నర సెంటీమీటరు లోటును నేను మణికట్టు వంచి, బొటనవేలిని బాస్ మెడ వెనుక నొక్కి, భుజం ఎత్తి పూడ్చుకుంటూ వచ్చాను. సాధన చాలక అలా అవుతోందనుకుని ఇంకా సాధన చేశాను. మూడో ఏడు వచ్చేసరికి పొద్దున్నే పాలగిన్నె ఎత్తాలంటే ఎడమ చెయ్యి సహకరించేది కాదు.

నన్ను ఆ బాధ నుంచి బయటపడేసింది ఒక డబుల్ బాస్ వాద్యకారుడు. నిలబెట్టి వాయించే ఆ పెద్ద వాద్యంలో తీగ పొడవు 41, 42 అంగుళాల దాకా ఉంటుంది. దాని మీద కింది స్థానాల్లో ఎవరూ ఒక్కో స్వరానికి ఒక్కో వేలు చాపరనీ, చూపుడు వేలు, మధ్య వేలు, ఆపైన ఉంగరపు వేలిని తోడు చేసుకున్న చిటికెన వేలు మాత్రమే వాడతారనీ, మిగతా దూరం చెయ్యి జరిపి అందుకుంటారనీ ఆయన చూపించారు. వంద ఏళ్లకు పైగా పాఠంగా చెబుతున్న పద్ధతి ఇది. చేతికి అందని వాద్యాన్ని చేతిని హింసించకుండా వాయించే దారి ఒకటి ఉందని అంతవరకు నాకు ఎవరూ చెప్పలేదు. చెప్పకపోవడానికి కారణం నేర్పేవారి చేతులు పెద్దవి కావడమే, వారికి ఆ దారితో అవసరం పడలేదు.

ఇంతకీ ఈ 34 ఎక్కడి నుంచి వచ్చింది? అమెరికాలో ఫెండర్ గిటార్ కంపెనీ పెట్టిన లియో ఫెండర్ 1951లో ప్రెసిషన్ బాస్ అనే ఎలక్ట్రిక్ బాస్‌ను మార్కెట్లోకి తెచ్చినప్పుడు స్థిరపడిన కొలత అది. ఆయనకు గిటార్ వాయించడం రాదు, ఆయన రేడియోలు బాగుచేసే మనిషి. డాన్స్ బ్యాండ్లలో డబుల్ బాస్‌ను మోసుకు తిరిగే వాద్యకారుల అవస్థ చూసి, కారులో పట్టేటట్టు, భుజానికి తగిలించుకునేటట్టు, ఫ్రెట్లు ఉండటం వల్ల స్వరం తప్పకుండా పలికేటట్టు ఒక వాద్యాన్ని తయారు చేశారు. అంటే 34 అంగుళాలు అనేదే ఒక సడలింపు. మనిషి శరీరం పడే కష్టాన్ని చూసి 42 నుంచి 34కు దిగివచ్చిన కొలత అది. ఆ రోజున ఎనిమిది అంగుళాలు తగ్గించుకోవడం గొప్ప ఆవిష్కరణ అయినప్పుడు, ఈ రోజు ఇంకో నాలుగు అంగుళాలు తగ్గించమంటే అది అర్హత లేనివారు అడిగే రాయితీ ఎలా అవుతుంది? నా అభ్యంతరమంతా ఈ ఒక్క చోటే ఉంది.

తగ్గించిన బాస్‌లు లేవని కాదు. బీటిల్స్ బాసిస్టు పాల్ మెకార్ట్నీ 1961లో హాంబర్గ్‌లో కొనుక్కున్న హాఫ్‌నర్ వయొలిన్ బాస్ స్కేల్ 30 అంగుళాలు. క్రీమ్ బ్యాండ్ బాసిస్టు జాక్ బ్రూస్ వాయించిన గిబ్సన్ ఈబీ-3 ముప్పైన్నర. వారి చేతులు చిన్నవని ఎవరైనా అన్నారా? అయినా ఫెండర్ తన 30 అంగుళాల మస్టాంగ్ బాస్‌ను 1966లో తెచ్చినప్పుడు దాన్ని విద్యార్థుల వాద్యాల వరుసలో పెట్టింది. అంతకు ముందు 1956లో వచ్చిన చిన్న గిటార్లదీ అదే దారి. అప్పటి నుంచి చిన్న స్కేల్ అంటే నేర్చుకునే దశలో వాడి పక్కన పెట్టేయాల్సిన వస్తువు అనే ముద్ర పడిపోయింది. మంచి చెక్క, మంచి పికప్‌లు (తీగ కదలికను విద్యుత్ సంకేతంగా మార్చే భాగాలు), శ్రుతి బిగించే మంచి ట్యూనర్లు అన్నీ పెద్ద కొలతలో దొరుకుతాయి. చిన్న కొలత అనగానే చవక సరుకు ముందుకొస్తుంది. పెద్దవాళ్లకు కూడా చేతులు చిన్నవిగా ఉంటాయన్న సంగతి ఈ లెక్కలో ఎక్కడా లేదు.

షార్ట్ స్కేల్ వల్ల నష్టం ఏమీ లేదని కూడా నేను అనను. అదే తీగను అదే శ్రుతిలో 34కు బదులు 30 అంగుళాల మీద బిగిస్తే బిగువు ఐదో వంతుకు పైగా తగ్గుతుంది. లావు తీగ కాస్త వదులుగా, కింది స్వరం కాస్త మెత్తగా వినిపిస్తుంది. అందుకు ఇంకొంచెం లావైన తీగలు వేసుకోవాలి, నాదంలో తేడాను ఒప్పుకోవాలి. కానీ ఆ పరిష్కారం తీగల ప్యాకెట్ ధరలో దొరుకుతుంది. మణికట్టు మళ్లీ కొనుక్కోలేం.

ఈ మాట ఎక్కడ ఎత్తినా వెంటనే వచ్చే జవాబు నాకు కంఠతా వచ్చు. "కరోల్ కే వాయించలేదా?" వాయించింది. 1935లో పుట్టిన ఆమె లాస్ ఏంజెలిస్ స్టూడియోల్లో గిటారిస్టుగా పనిచేస్తూ, 1963లో ఒక రికార్డింగుకు బాస్ వాద్యకారుడు రాకపోతే ఆ బాస్ అందుకుంది. తర్వాత ఆమె పనిచేసిన రికార్డింగులు పదివేల దాకా ఉంటాయని అంచనా. వాయించింది ఆ 34 అంగుళాల ప్రెసిషన్ బాస్ మీదే. తీగల మీద ఫెల్ట్ ముక్క అడ్డం పెట్టి, పిక్ అనే చిన్న బిళ్లతో మీటి, తన సొంత నాదాన్ని ఆ వాద్యం నుంచి రాబట్టింది. ఆమె పేరు వింటే నేను ఇప్పటికీ లేచి నిలబడతాను. అమెరికన్ జానపద గాయని, గిటారిస్టు ఎలిజబెత్ కాటెన్ సంగతి ఇంకా విడ్డూరం. ఆమెది ఎడమచేతి వాటం. కుడిచేతి వాటం వారి కోసం తీగలు కట్టిన గిటార్‌ను తలకిందులుగా పట్టుకుని, వేళ్లతో కింది స్వరాలూ బొటనవేలితో రాగమూ పలికించే బాణీని పిల్లగా ఉన్నప్పుడే తానే కల్పించుకుంది. ఇళ్లలో పనులు చేసి బతికిన ఆ మనిషికి తొంభై ఏళ్లు వచ్చాక గ్రామీ వచ్చింది.

ఇలాంటి వారి పేర్లను మన నోరు మూయించడానికి వాడటం నాకు కష్టం కలిగిస్తుంది. తమకు కుదరని వాద్యాన్ని వారు తమ ప్రతిభతో లొంగదీసుకున్నారు. ఆ ప్రతిభలో ఎంత భాగం సంగీతానికి ఖర్చయిందో, ఎంత భాగం వాద్యంతో పెనుగులాడటానికే ఖర్చయిందో ఎవరు లెక్క కట్టారు? రెండో ఏట మణికట్టు పట్టేసి, బాస్‌ను మంచం కింద పెట్టేసిన అమ్మాయి పేరు మనకు తెలియదు. నాకు తెలిసిన వారిలోనే అలాంటి వారు ముగ్గురు ఉన్నారు. తమకు ప్రతిభ లేదనే ముగ్గురూ నమ్ముతున్నారు.

అకౌస్టిక్ గిటార్ కథ వింటే నాకు ఇంకా బాధేస్తుంది. 19వ శతాబ్దంలో అమెరికాలో, ఇంగ్లండ్‌లో గిటార్ ఎక్కువగా ఇంటి ముందుగదిలో ఆడవారు వాయించుకునే వాద్యం. అప్పటి మార్టిన్ కంపెనీ గిటార్లలో ఒకటో సైజు వెడల్పు పన్నెండు ముప్పావు అంగుళాలు. తర్వాత బాంజోలతో, ఫిడేళ్లతో పోటీపడి గట్టిగా వినిపించాలని గిటార్ ఒళ్లు పెంచారు. అదే మార్టిన్ 1916లో మరో కంపెనీ కోసం చేసిన డ్రెడ్‌నాట్‌కు బ్రిటిష్ యుద్ధనౌక పేరు పెట్టారు, ఈ రోజు మన దుకాణాల్లో గోడ నిండా వేలాడే ఆకారం అదే. పదిహేనున్నర అంగుళాలకు పైగా వెడల్పు, అడుగుభాగాన దాదాపు ఐదు అంగుళాల లోతు. దాని మీదుగా చెయ్యి వేస్తే నా భుజం చెవి దాకా వస్తుంది. ఆడవారి ఒళ్లో ఉన్న వాద్యాన్ని పెంచి పెద్ద చేసి, ఇప్పుడు అది ఆడవారికి అందదని చెబుతున్నారు. ఆ కంపెనీల్లో పనిచేసిన చేతులు మాత్రం ఆడవారివే. రెండో ప్రపంచయుద్ధ కాలంలో అమెరికాలోని కలమజూ ఊళ్లో గిబ్సన్ గిటార్లను చేసింది ఎక్కువగా మహిళలు. ఫెండర్‌లో 1956 నుంచి 2013 దాకా పికప్‌లకు తీగ చుట్టిన అబిగైల్ యబారా చేతి పనికి ఈనాటికీ ఎక్కువ ధర పలుకుతుంది.

ఇక చెప్పడానికి సంకోచించే విషయం ఒకటి ఉంది. నిలబడి వాయించేటప్పుడు గిటార్ పై అంచు రొమ్ముకు ఒత్తుకుంటుంది, స్ట్రాప్ రొమ్ముల మధ్య నుంచి కోసుకుపోతుంది. గిటార్‌ను పైకి కట్టుకుంటే ఒకచోట నొప్పి, కిందికి దించుకుంటే మణికట్టుకు నొప్పి. మగ మాస్టారిని ఎలా అడగాలో తెలియక నేను ఏళ్ల తరబడి ఒంటిని ఓ పక్కకు తిప్పి నిలబడి వాయించాను. సెయింట్ విన్సెంట్ పేరుతో పాడే ఆనీ క్లార్క్, 2016లో మ్యూజిక్ మ్యాన్ కంపెనీతో కలిసి తన గిటార్‌ను రూపొందించినప్పుడు ఈ విషయాన్ని బహిరంగంగా, ఏ దాపరికమూ లేకుండా మాట్లాడింది. నడుము దగ్గర సన్నగా, కోణాలుగా, రొమ్ముకు చోటు వదిలేలా ఒళ్లు మార్చింది, బరువు తగ్గించింది. స్కేల్ మాత్రం మామూలు ఇరవై ఐదున్నర అంగుళాలే ఉంచింది, ఎందుకంటే ఆమెకు అడ్డమైంది అది కాదు. ఏది అడ్డమో వాయించే మనిషిని అడిగితేనే తెలుస్తుంది.

డైసీ రాక్ విషయంలో నేను అన్యాయంగా ఆలోచించానని ఒప్పుకోవాలి. లాస్ ఏంజెలిస్‌కు చెందిన టిష్ సిరవోలో అనే బాసిస్టు 2000లో మొదలుపెట్టిన కంపెనీ అది. తన చిన్న కూతురు గీసిన పువ్వు బొమ్మకు మెడా తలా తగిలించి ఆమె మొదటి గిటార్ ఊహించింది. పువ్వులు, గుండెలు, సీతాకోకచిలుకల ఆకారాలు చూసి, ఇదీ ఆ గులాబీ రంగు తంతే అనుకుని పక్కకు తిరిగాను. కానీ ఆమె మెడను సన్నం చేసింది, వాద్యాన్ని తేలిక చేసింది, అంటే అసలైన పని చేసింది. ఆ రూపం ఐదేళ్ల పిల్లను దగ్గరికి పిలుస్తుంది, కాదనను. ముప్పై ఏళ్ల మనిషికి అదే సన్నని మెడ మామూలు రూపంలోనూ దొరకాలని మాత్రం కోరుకుంటాను. నా కోపం రంగు మీద కాదు, లోపల ఏమీ మార్చకుండా పైన రంగు పూసి ఆడవారి గిటార్ అని అమ్మేవారి మీద.

చిన్నప్పుడు నేను వీణ నేర్చుకున్నాను. బొబ్బిలి నుంచి తెచ్చిన పనస చెక్క వీణ, నాకంటే పెద్దదనిపించేది. ఏడేళ్లు సాధన చేసినా ఒక్కరోజు భుజం పట్టేయలేదు. ఎందుకా అని ఇప్పుడు ఆలోచిస్తే, దాని బరువు భుజం మీద లేదు. కుండ నేల మీద ఆనుతుంది, సొరకాయ బుర్ర ఎడమ తొడ మీద ఆనుతుంది. ఎడమ చేతి చూపుడు వేలూ మధ్య వేలూ కలిసి 24 మెట్ల మీదుగా జారుతాయే తప్ప విడివడి చాపుకోవు. వాద్యం ఎంత పెద్దదన్నది కాదు, అది ఒంటి మీద ఎక్కడ ఆనుతుంది, చేతిని ఏం అడుగుతుంది అన్నదే లెక్క. మన తంబురాల్లో మగ గొంతుకు పెద్దది, ఆడ గొంతుకు చిన్నది వేరువేరుగా చేస్తారు, అది ఎవరికీ తక్కువ అనిపించదు. పాలకొల్లు నుంచి వచ్చిన మాండలిన్ శ్రీనివాస్ నాలుగు జంట తీగల విదేశీ వాద్యాన్ని ఐదు ఒంటి తీగల ఎలక్ట్రిక్ వాద్యంగా మార్చుకుంటే తెలుగువాళ్లం గర్వపడ్డాం. గమకం కోసం వాద్యాన్ని మార్చుకోవచ్చు గాని మణికట్టు కోసం మార్చుకోకూడదా?

అడిగేవాళ్లు లేరన్నది నిజం కాదు. అమెరికా, బ్రిటన్‌లలో కొత్తగా గిటార్ పట్టేవారిలో సగం మంది మహిళలేనని ఫెండర్ కంపెనీయే 2018లో తన సర్వేతో చెప్పింది. మన దగ్గర ముంబై అమ్మాయి మోహినీ దే బాస్ వాయిస్తుంటే ప్రపంచం వింటోంది, ఆమెను చూసి బాస్ పట్టుకుంటామనే ఆడపిల్లలు నా దగ్గరికే నలుగురు వచ్చారు. వారు దుకాణానికి వెళ్తే ఎదురయ్యేది ఆ గులాబీ గిటారే.

దుకాణాల వారిని నేను కోరేది పెద్దదేమీ కాదు. ఒక్క 30 అంగుళాల బాస్, మంచి తీగలు వేసి, శ్రుతి చేసి, చేతికి అందే ఎత్తులో తగిలించండి. దానికి విద్యార్థుల వాద్యమనో, ఆడవారి వాద్యమనో చీటీ అంటించకండి. కొనడానికి వచ్చిన మనిషిని స్ట్రాప్‌తో నిలబడి పది నిమిషాలు వాయించనివ్వండి. ఎడమ చెయ్యి వదిలేస్తే హెడ్‌స్టాక్ (మెడ చివరి తల భాగం) కిందికి వాలిపోతోందేమో చూడనివ్వండి, ఎందుకంటే అలా వాలే బాస్‌ను వాయించినంతసేపూ మోయాల్సింది ఆ చెయ్యే. వచ్చినవారు ఆడవారైనా మగవారైనా మొదటి ఫ్రెట్ మీద చూపుడు వేలు, నాలుగో ఫ్రెట్ మీద చిటికెన వేలు పెట్టమని అడిగి, మణికట్టు వంగకుండా అందుతోందో లేదో మీరే చూడండి. మా పిల్లకు ఇంకా బాస్ కొనలేదు. వేరే ఊరి నుంచి ఒక షార్ట్ స్కేల్ తెప్పిస్తున్నాం, అది వచ్చేదాకా నా పాత బాస్ మీద చెయ్యి జరుపుకుంటూ మూడు వేళ్లతో వాయించే పద్ధతి నేర్చుకుంటోంది.