బొలోన్యా అల్లుడికి మర్యాదలు

మోటారు సైకిళ్లలో రెండు జాతులున్నాయి. మీట నొక్కగానే లేచి, సాయంత్రానికి ఇంటికి చేర్చి, నోరెత్తకుండా ఓ మూల నిలబడేవి ఒక జాతి. వీటివల్ల మనిషి చెడిపోతాడు. పదేళ్లు నడిపినా వాల్వు ఎక్కడుంటుందో తెలియకుండానే బతికేస్తాడు. రెండో జాతి ఇటలీ నుంచి వస్తుంది. దానితో రెండేళ్లు కాపురం చేసినవాడికి మల్టీమీటరు, సన్నటి ఖాళీలు కొలిచే ఫీలర్ గేజి, ఓర్పు, ఈ మూడింటి వాడకమూ వచ్చేస్తుంది. ఇలాంటి జ్ఞానం డబ్బుతో దొరకదంటారు గానీ, దొరుకుతుంది. రసీదు కూడా ఇస్తారు.

ఉదాహరణకు ఇటలీలోని బొలోన్యా ఊరి డుకాటీ. ఇప్పటి మోడళ్లు మర్యాదస్తులైపోయాయి, వాటితో వ్యాసానికి సరుకు రాదు. 1993 నాటి మాన్‌స్టర్ 900, ఆ మరుసటేడు డిజైనర్ టాంబురీని చేతిలో రూపుదిద్దుకున్న 916, ఆ తరం అల్లుళ్ల సంగతే వేరు. ముందుగా పదజాలం సరిచేసుకోవాలి. వేరే బండిలో లోపం అనేదాన్ని ఇందులో ‘క్యారెక్టర్’ అంటారు.

మొదటి క్యారెక్టర్ డ్రై క్లచ్. మామూలు బండ్లలో క్లచ్ ప్లేట్లు ఆయిల్లో మునిగి గుట్టుగా సంసారం చేసుకుంటాయి. ఇక్కడ పొడిగా ఉంటాయి. న్యూట్రల్లో లీవరు నొక్కితే ప్లేట్లు వదులై, వాటి చెవులు, ప్లేట్లను పట్టి ఉంచే గిన్నె (బాస్కెట్) గాడులకు కొట్టుకుని, గోనెసంచిలో స్టీలు గరిటెలు పోసి ఊపినట్టు చప్పుడొస్తుంది. కొత్త యజమాని బెదిరి మెకానిక్ దగ్గరికి పరుగెత్తుతాడు. పాత యజమాని ఈ చప్పుడు చాలదని కిటికీలున్న క్లచ్ కవరు కొని బిగిస్తాడు. గాడుల అంచుల్లో గంట్లు పడ్డాక మాత్రం ప్లేట్లు ఇరుక్కుని, బండి ఈడ్చినట్టు కదులుతుంది. అప్పుడు ప్లేట్లొక్కటే మార్చి బాస్కెట్ మిగుల్చుకుందామనే పొదుపు పనికిరాదు. పాత గంట్లు కొత్త ప్లేట్లను కూడా కొరుకుతాయి. ఇక ఎడమవైపు, చెయిన్ స్ప్రాకెట్ పక్కనుండే, లీవరు ఒత్తిడిని ఫ్లూయిడ్ ద్వారా అందుకుని క్లచ్‌ను వదిలించే స్లేవ్ సిలిండర్ సీలు పోతే ఫ్లూయిడ్ కారి లీవరు మెత్తబడుతుంది. అమీర్‌పేట సిగ్నల్లో న్యూట్రల్ దొరకదు. సీలు మార్చి, కొత్త ఫ్లూయిడ్ పోసి, గాలిబుడగలన్నీ పోయేదాకా బ్లీడ్ చేస్తే సరి.

అసలు కథ వాల్వులుండే ఇంజన్ పైభాగంలో, అంటే హెడ్డులో ఉంది. లోకంలో దాదాపు ఇంజన్లన్నీ వాల్వును క్యామ్ అనే ఉబ్బున్న ఇరుసుతో తెరిచి, మూసే పనిని స్ప్రింగుకు అప్పగించి నిద్రపోతాయి. ఫాబియో టాల్యోని అనే డుకాటీ ఇంజనీరుకు స్ప్రింగు మీద నమ్మకం లేదు. మూయడానికి కూడా ఇంకో రాకర్ (మీటలాంటి చేయి) పెట్టి, 1956లో రేసు బండికి బిగించాడు. దాన్నే డెస్మో అంటారు. రేసులో అది మేధస్సు. మన షెడ్డులో దానర్థం ఏమిటంటే, ఒక్కో వాల్వుకు రెండు క్లియరెన్సులు, అంటే ఖాళీలు: తెరిచేదొకటి, మూసేదొకటి. మాన్‌స్టర్‌కు నాలుగు వాల్వులు, ఎనిమిది కొలతలు. 916కు ఎనిమిది వాల్వులు, పదహారు కొలతలు.

రాత్రంతా చల్లారిన ఇంజన్నే కొలవాలి. తెరిచే వైపు ఖాళీ మిల్లీమీటరులో పదో వంతు అటూ ఇటూ. మూసే వైపు అంతకన్నా బాగా తక్కువ, తలవెంట్రుక కూడా పట్టదు. మూసే షిమ్మును (ఖాళీ సరిచేసే లోహపు బిళ్లను) పట్టి ఉంచేవి గోరంత అర రింగులు రెండు. అవి నలిగి అణిగేకొద్దీ ఖాళీ పెరుగుతుంది. వాటిని ఊడదీసే ముందు ఆ సిలిండర్ పిస్టన్ను పైకొసకు తెచ్చి పెట్టాలి. వాల్వును పైకి పట్టుకునే స్ప్రింగు లేదు కదా, మరచిపోతే అది నెమ్మదిగా సిలిండర్లోకి జారుకుంటుంది. ఆ తర్వాత చేసేదాన్ని సర్వీసింగ్ అనరు, హెడ్డు విప్పడం అంటారు.

క్యామ్‌లను తిప్పేవి రెండు రబ్బరు బెల్టులు. ఒకటి తెగితే పిస్టన్ పైకి వచ్చే వేళకు వాల్వు దారికి అడ్డంగా నిలబడి ఉంటుంది. ఆ పలకరింపు ఖరీదు బెల్టు ధరకు ఎన్నో రెట్లు. అందుకే బండి తిరిగినా తిరగకున్నా రెండేళ్లకోసారి జంటగా మార్చాలి. బెల్టులు ఆనే రోలర్ల బేరింగులు కూడా వేలితో తిప్పి చూడాలి. బిగువు చూడటానికి బెల్టును వేలితో మీటి, ఫోన్లోని యాప్‌తో ఆ నాదం ఎన్ని హెర్ట్జులో కొలిచి, మాన్యువల్లో ఆ మోడల్‌కు చెప్పిన అంకెకు తెస్తారు. తంబురా శ్రుతి చేసినట్టే. తేడా ఒక్కటే, అపశ్రుతి పలికితే ఇక్కడ వాల్వులు వంగుతాయి.

ఆ బెల్టులు ఇటలీ నుంచి తెప్పించుకోవాలంటే ఆగస్టులో మాత్రం ఆర్డరు పెట్టకండి. ఆగస్టు 15 మనకు జెండా పండగ, వాళ్లకు ఫెర్రగోస్తో. ఆ చుట్టుపక్కల వారాల్లో దేశమంతా తాళాలేసి సముద్రపొడ్డుకు పోతుంది. ఆషాఢంలో అల్లుడు అత్తారింటి గడప తొక్కడు, ఆగస్టులో విడిభాగం బొలోన్యా దాటదు.

కరెంటు సంగతి చెప్పుకోవాలి. ఈ కంపెనీ 1926లో పుట్టింది రేడియో విడిభాగాలు చేయడానికి. అయినా యజమానులకు ఎక్కువగా చీకటి చూపించేది బ్యాటరీకి వెళ్లే వోల్టేజిని అదుపు చేసే రెగ్యులేటరే. బ్యాటరీ టెర్మినళ్ల మీద మీటరు పెట్టండి. ఇంజన్ ఆపి ఉంటే 12.6 వోల్టుల దగ్గర, నాలుగు వేల ఆర్పీఎంలో 14 చిల్లర ఉండాలి. 13 దాటకపోతే రెగ్యులేటర్ను తిట్టే ముందు పసుపు తీగల కనెక్టర్ విప్పి చూడండి. చాలాసార్లు అది కాలి గోధుమరంగుకు తిరిగి ఉంటుంది. బ్యాటరీ నీరసంగా ఉండగా స్టార్టరు పదే పదే నొక్కితే స్టార్టరును ఇంజన్‌కు కలిపే స్ప్రాగ్ క్లచ్ కూడా పోతుంది.

2000ల చివర్లో వచ్చిన కొన్ని మాన్‌స్టర్ల ప్లాస్టిక్ ట్యాంకులు ఇథనాల్ పీల్చి ఉబ్బుతాయి. 20 శాతం ఇథనాల్ పెట్రోలు తాగించాక బోల్టు రంధ్రాలు కలవకపోతే కంగారొద్దు. ట్యాంకు ఊడదీసి, ఖాళీ చేసి, వారాల తరబడి ఆరబెడితే కొంత తగ్గుతుంది. మళ్లీ నింపితే మళ్లీ లావెక్కుతుంది, పండక్కొచ్చిన అల్లుడే కదా.

సెకండ్‌హ్యాండ్‌లో కొనేవారికి ఒక మాట. మైలేజీ తర్వాత, ముందు బెల్టులు మార్చిన బిల్లు చూడండి. ‘చాలా జాగ్రత్తగా ఉంచాం సార్, నాలుగేళ్లలో వెయ్యి కిలోమీటర్లు కూడా తిరగలేదు’ అని అమ్మేవాడు గర్వంగా చెబితే, స్టార్ట్ చేసి వినిపిస్తానన్నా వద్దనండి.