నూకలేసి, టీకా మానేసి బ్రాయిలర్ పిల్లల్ని పెంచమంటున్నారు. నమ్మకండి

వాట్సాప్ గ్రూపుల్లో ఒక సందేశం తెగ తిరుగుతోంది. "ఫారం కోళ్లకు హార్మోన్ ఇంజెక్షన్లు ఇస్తారు, అందుకే 40 రోజుల్లో 2 కిలోలు తూగుతాయి. ఆ పిల్లల్నే తెచ్చి ఇంట్లో నూకలు, మిగిలిన అన్నం వేసి పెంచండి. టీకాలు అక్కర్లేదు. 40 రోజుల్లో సగం ధరకే విషం లేని చికెన్." దీన్ని నమ్మి పిల్లల్ని తెచ్చుకుంటే అవి చచ్చిపోతాయి. అందుకే ఇంత వివరంగా రాస్తున్నాను.

ముందు హార్మోన్ల సంగతి. పెరుగుదల హార్మోన్ ఒక ప్రోటీన్. దాణాలో కలిపితే కడుపులోనే అరిగిపోతుంది. ఇంజెక్షనే ఇవ్వాలి, అదీ మళ్లీ మళ్లీ. వేల కోళ్లున్న షెడ్డులో ఒక్కోదాన్నీ పట్టుకుని సూది వేసే రైతు ఎక్కడున్నాడు? ఆ పెరుగుదల జాతిది. కెనడాలోని ఆల్బెర్టా విశ్వవిద్యాలయం 1957 నాటి రకాన్నీ 2005 నాటి రకాన్నీ ఒకే దాణాతో పెంచి చూసింది. 56 రోజులకు పాత రకం సుమారు 900 గ్రాములు, కొత్తది 4.2 కిలోలు. అయినా, ఎదుగుదల ఇంజెక్షన్‌దే అయితే అది లేకుండా మీ ఇంట్లోనూ 40 రోజులకే ఎలా ఎదుగుతుంది?

భయపడాల్సింది యాంటీబయాటిక్స్‌ని ఇష్టం వచ్చినట్టు వాడటం గురించి. కోళ్లకు, పశువులకు కొలిస్టిన్ అనే యాంటీబయాటిక్ వాడకాన్ని కేంద్రం 2019లో నిషేధించింది కూడా. ఆ భయంతో ఇంట్లో పెంచుకుంటానంటే కాదనను.

కానీ నూకలతో కాదు. నూకల్లో ప్రోటీన్ 8 శాతం దగ్గర ఉంటుంది, పిల్లకు తొలి వారాల్లో 22 శాతం దాకా కావాలి. అన్నం మీదే పెంచితే ఎదగవు, కాళ్లు వంకరపోతాయి. సరైన దాణా అయితే 2 కిలోల కోడి మూడున్నర కిలోలు తింటుంది. దాన్ని చిల్లరగా కొని, బల్బు కరెంటు, చచ్చిన పిల్లల లెక్క కూడా కలిపితే సగం ధర మాట నిలవదు.

టీకా వద్దనడం అన్నిటికంటే ప్రమాదం. కొక్కెర తెగులుకు చికిత్స లేదు. 5–7 రోజుల వయసులో దాని టీకా లసోటా కంటి చుక్క, రెండో వారంలో గంబోరో అనే మరో వైరస్ జబ్బు టీకా, నాలుగో వారంలో మళ్లీ లసోటా వేయించాలి. టీకా సీసాలో వందల డోసులు ఉంటాయి, కలిపాక ఎక్కువసేపు నిలవ ఉండదు. చుట్టుపక్కల పెంచేవాళ్లంతా ఒకే రోజు వేయించుకుంటే మేలు.

వేడి గురించి ఆ సందేశంలో ఒక్క ముక్క లేదు. హేచరీ పిల్లకు తల్లి రెక్క ఉండదు, బల్బే దిక్కు. మొదటి వారం 33–35 డిగ్రీలు, తర్వాత వారానికి మూడేసి డిగ్రీలు తగ్గించాలి. థర్మామీటర్ లేకపోయినా పిల్లల్ని చూస్తే తెలిసిపోతుంది. బల్బు కింద ఒకదానిపై ఒకటి పడుతుంటే చలి, దూరంగా పోయి నోరు తెరిచి రొప్పుతుంటే వేడెక్కువ. కింద రెండంగుళాల ఊక పరిచి, తడిసినచోట వెంటనే మార్చాలి. లేకపోతే కాక్సిడియోసిస్ అనే పేగుల జబ్బు వచ్చి రెట్టలో రక్తం పడుతుంది. మన ఎండాకాలంలో చివరి రెండు వారాలు ఇంకో గండం: బరువెక్కిన కోడి 42 డిగ్రీల ఎండకు మధ్యాహ్నమే పడిపోతుంది.

పెరట్లో గింజలు, ఆకులు, మిగిలిన తిండితోనే పెంచాలనుకుంటే హైదరాబాద్ రాజేంద్రనగర్‌లోని కోళ్ల పరిశోధన సంస్థ తీర్చిదిద్దిన వనరాజా అనే పెరటి కోడి రకాన్ని తెచ్చుకోండి. దానికీ తొలి ఆరు వారాలు వెచ్చదనం, మంచి దాణా, టీకాలు తప్పవు. ఆ తర్వాత బయటికి వదలొచ్చు. కోతకు రావడానికి మాత్రం నెలలు పడుతుంది.